నాలుగో డాక్ దగ్గర పచ్చ లైటు

లారీ డ్రైవరు చెప్పిందే మళ్ళీ చెప్పాడు. పచ్చ లైటు చూశాకే బండి కదిలించాడట. నిన్న మధ్యాహ్నం నుంచి పోలీసులకి చెప్పాడు, వాళ్ళ అక్కకి చెప్పాడు, ఇప్పుడు డిటెక్టివ్‌కి చెబుతున్నాడు. మాట మారలేదు. మారిందల్లా గొంతే. నిన్న అరిచి చెప్పినవాడు ఇవాళ గోడకి చెప్పుకుంటున్నట్టు చెబుతున్నాడు.

స్టేషన్లో అతన్ని ఉంచిన గదిలో డిటెక్టివ్ స్టూలు మీద కూర్చుని మోకాలు నొక్కుకుంటూ వింది. యాభై దాటిన మనిషి. సగం జీవితం పోలీసు ఉద్యోగంలో గడిపి, ఆ తర్వాత సొంతంగా ఈ పనిలోకి దిగింది. వారం రోజులు వేరే కేసు మీద తిరిగి తిరిగి, ఇక ఎవరు పిలిచినా పలక్కుండా పడుకోవాలనుకున్న పూటే డ్రైవరు అక్క వచ్చి గుమ్మంలో నిలబడింది. ఆవిడ ఏడవలేదు, బతిమాలలేదు. "మావాడికి బద్ధకం ఉంది, నోటి దురుసు ఉంది. అబద్ధం మాత్రం చేతకాదండీ. చిన్నప్పుడు దొంగతనంగా పంచదార తిని మూతి తుడుచుకోవడం కూడా తెలిసేది కాదు" అంది. ఆ మాటకే డిటెక్టివ్ విడిచిన చెప్పులు మళ్ళీ తొడుక్కుంది.

జరిగింది చూస్తే చిన్న సంగతే. గోదాము గట్టుకి వెనకభాగం ఆనించి లారీ నిలబెడతారు, ఆ చోటునే డాక్ అంటారు. గట్టుకీ లారీకీ మధ్య ఇనుప పలక వాలుస్తారు. దాని మీదుగా సరుకు మోసే ఫోర్క్‌లిఫ్ట్ బండి లోపలికీ బయటికీ తిరుగుతుంది. కింద నుంచి ఒక కొక్కెం లేచి లారీ వెనక కడ్డీని పట్టుకుంటుంది. అది పట్టుకుని ఉన్నంతసేపూ బయట డ్రైవరుకి ఎర్ర లైటు, లోపల ఫోర్క్‌లిఫ్ట్ నడిపే మనిషికి పచ్చ లైటు. కొక్కెం దిగితే రెండూ తారుమారవుతాయి. బయట పచ్చ, లోపల ఎరుపు. నిన్న నాలుగో డాక్ దగ్గర ఫోర్క్‌లిఫ్ట్ పలక మీద ఉండగానే లారీ ముందుకి కదిలింది. ఫోర్క్‌లిఫ్టూ, దాన్ని నడిపే మనిషీ కలిసి గట్టుకీ లారీకీ మధ్య సందులో పడ్డారు. గోదాములో అందరూ 'బావ' అని పిలుచుకునే ఆ మనిషికి నడుము కింద ఎముకలన్నీ నుజ్జయ్యాయి. ఆపరేషన్ అయింది కానీ పొద్దుటి వరకూ తెలివి రాలేదు.

"లైటు సరే. ఇంకేం తెలిసింది నీకు?" అని అడిగింది డిటెక్టివ్.

డ్రైవరు మొదటిసారి తల పైకెత్తాడు. "కొక్కెం వదిలితే సీటుకి తెలుస్తుంది మేడమ్. పంటి సందులో ఇరుక్కున్నది ఊడిపోయినట్టుంటుంది. అది ఊడాకే లైటు మారింది. దిగి చక్రాల కింద దిమ్మెలు తీసి, ఎక్కి, అప్పుడు కదిలించాను."

దిమ్మెలు తీసేటప్పుడు లోపలికి తొంగి చూశావా అని అడిగితే, చూడనివ్వరన్నాడు. గట్టెక్కితే సూపర్‌వైజరు తిడతాడట. బండిలో ఏం సరుకెక్కిందో కూడా అతనికి ఊపుని బట్టే తెలుసు. ముందు మెత్తగా ఊగిందట, పరుపులు ఎక్కించినప్పుడు. తర్వాత బరువుగా దిగిందట, వాషింగ్ మెషీన్లు ఎక్కినప్పుడు. వెనక పెద్ద చప్పుడు వినగానే బ్రేకు మీద లేచి నిలబడ్డంత పని చేశాడట.

ఆమె లేచి గుమ్మం దాకా వెళ్ళింది. అప్పుడు అతను వెనక నుంచి అడిగాడు, "ఆయన బతుకుతాడా మేడమ్?"

"తెలీదు" అంది డిటెక్టివ్. అబద్ధం చెప్పడానికైనా ఓపిక కావాలి.

గోదాముకి వెళ్ళేసరికి ఆమె మరిది అప్పటికే అక్కడున్నాడు. భర్తకి తమ్ముడు. ఒకప్పుడు పోలీసు శాఖలో ఆమె కిందే పనిచేశాడు. ఇప్పుడు గోదాముకి బీమా ఇచ్చిన కంపెనీలో పరిశోధకుడు. ప్రమాదం జరిగితే తప్పెవరిదో తేల్చడం అతని ఉద్యోగం. ఆ తప్పు కంపెనీకి తగలకుండా చూడడం ఆ ఉద్యోగంలో చెప్పని భాగం. ఇద్దరూ ఒకే కేసు మీద తారసపడ్డం ఇది మూడోసారి. కిందటిసారి కొట్లాట ఇంట్లో భోజనాల బల్ల దాకా వచ్చి, అత్తగారు గరిటె పక్కన పెట్టి మరీ చెప్పింది, మీ శవాలూ సాక్ష్యాలూ గడప బయటే వదిలి లోపలికి రండి అని.

"వచ్చావా వదినా. మోకాలెలా ఉంది?" అన్నాడు మరిది.

"నన్ను మోస్తోంది. అదే పదివేలు" అంది ఆమె.

నాలుగో డాక్‌కి అడ్డంగా తాడు కట్టారు. మిగతావన్నీ పనిచేస్తూనే ఉన్నాయి. ఐదో దాని దగ్గర లారీ నిండుతోంది. డాక్ సూపర్‌వైజరు అటూ ఇటూ తిరుగుతూ రెండు చోట్లా తనే ఉన్నట్టు నటిస్తున్నాడు. రాత్రంతా నిద్ర లేదని కళ్ళే చెబుతున్నాయి. ప్రశ్న అడిగిన ప్రతిసారీ ముందు మరిది వైపు చూసి, తర్వాత జవాబు చెబుతున్నాడు. డిటెక్టివ్ అది గమనించి వాళ్ళిద్దరి మధ్యకి వచ్చి నిలబడింది.

అతను చెప్పింది ఇది. నాలుగో డాక్‌లో సరుకెక్కించింది బావ ఒక్కడే. చివరి మెషీన్లు లోపల పెట్టి, ఫోర్క్‌లిఫ్ట్ వెనక్కి తీసుకుని గట్టు మీదికి వచ్చాడు. అది సూపర్‌వైజరు కళ్ళారా చూశాడు. సరుకు పూర్తయింది కదా అని కొక్కెం దించే బటన్ తనే నొక్కాడు. ఐదో డాక్ లారీ అప్పటికే హారన్ కొడుతుంటే అటు తిరిగాడు. తర్వాత చప్పుడు.

"అయితే బయట పచ్చ లైటు పడింది నిజమే" అంది డిటెక్టివ్.

సూపర్‌వైజరు ఒప్పుకున్నాడు. పోలీసులు లైటు గురించి అడిగారు గానీ బటన్ ఎవరు నొక్కారని ఎవరూ అడగలేదట. అడగంది అతనూ చెప్పలేదు.

మరిది తొణకలేదు. బయట పచ్చ పడితే లోపల ఎరుపు పడుతుంది, ఎరుపు చూసి కూడా బావ లోపలికి దూరాడంటే అది అతని నిర్లక్ష్యమే, ఇక వెతకడానికేం లేదన్నాడు.

"పొద్దున ఫోన్‌లో డ్రైవరు తప్పన్నావు. ఇప్పుడు బావ తప్పంటున్నావు."

"సాక్ష్యం ఎటు తిరిగితే మనమూ అటే తిరగాలి వదినా. నువ్వు నేర్పిందే."

"సాక్ష్యం ఉన్నచోటే ఉంది. తిరిగింది నువ్వు. నీకు ఎవడో ఒకడు కావాలి, ఈ గోదాము యజమాని తప్ప."

సూపర్‌వైజరు నేల చూపులు చూశాడు. మరిది నవ్వాడు గానీ ఆ నవ్వు కళ్ళ దాకా రాలేదు.

లారీని చూడాలంది ఆమె. దాన్ని పోలీసులు గోదాము ఆవరణలోనే ఓ మూలకి నడిపించి నిలబెట్టారు. ఇనుప పెట్టెలాంటి కంటెయినర్. వెనక తలుపులు మూసి, గొళ్ళేనికి బీమా కంపెనీ సీలు వేసి ఉంది. పక్కనే జనరేటరు చెవులు చిల్లులు పడేలా మోగుతోంది. ఆమె ఒక చేత్తో కంటెయినర్ పట్టుకుని కష్టంగా వంగింది. వెనక కడ్డీ తిన్నగా ఉంది. కొక్కెం పట్టుకుని ఉండగా లారీ లాగేస్తే కడ్డీ వంగాలి, కనీసం గీత పడాలి. ఒక్క గీతా లేదు. డ్రైవరు మాట నిలబడింది.

తలుపులు తెరవమంది. మరిది ఒప్పుకోలేదు. సీలు తనదన్నాడు. సరుకు విలువ తేలేదాకా అది తీస్తే తన ఉద్యోగం పోతుందన్నాడు. కావాలంటే చూడమని ఫోన్‌లో ఫొటో చూపించాడు. చెక్క పలకల మీద వాషింగ్ మెషీన్లు తలుపుల దాకా వరసగా, గోడ కట్టినట్టు నిలబడి ఉన్నాయి. వాటికి బిగించిన పటకాలు కూడా చెదరలేదు. ఇంకోరోజైతే ఆమె వాదించేది. ఇవాళ కంటెయినర్‌కి ఆనుకుని కాసేపు నిలబడి, సరేలే అని తిరిగొచ్చేసింది.

గట్టు పక్కన గోడ దగ్గర బావ నడిపిన ఫోర్క్‌లిఫ్ట్ ఉంది. సందులోంచి పైకి లాగి అక్కడ పెట్టారు. ముందున్న రెండు ఇనుప చేతుల కొనలు వంగిపోయాయి. సందు అడుగున సిమెంటులో ఆ కొనలు దిగిన గుంటలు రెండూ తేటగా కనిపిస్తున్నాయి. అంటే బండి ముక్కు కిందికి పెట్టి పడింది. బయటికి వస్తూ కాదు, లోపలికి వెళుతూ పడింది. డిటెక్టివ్ టార్చి వేసి సందంతా వెతికింది. నూనె మరక, ఒక చెప్పు. చెక్క ముక్క గానీ, పగిలిన మెషీను గానీ ఏమీ లేవు.

"ఇనుప చేతుల మీద బరువేమన్నా ఉందా అప్పుడు?" అని సూపర్‌వైజర్ని అడిగింది.

లేదన్నాడు. ఎక్కించాల్సింది కూడా ఏమీ మిగల్లేదన్నాడు.

"మరి ఖాళీ బండితో మళ్ళీ లోపలికెందుకెళ్ళాడు?"

సూపర్‌వైజరు ఏదో సర్దడానికయ్యుంటుందని గొణిగాడు. మరిది అలవాటు కొద్దీ వెళ్ళుంటాడన్నాడు. ఇద్దరి జవాబుల్లోనూ సారం లేదు. పెట్టడానికేం లేనప్పుడు ఖాళీ ఫోర్క్‌లిఫ్ట్ లోపలికి వెళ్ళేది ఒక్కందుకే, లోపలున్నదాన్ని బయటికి తీయడానికి. పెట్టిన మెషీన్లే మళ్ళీ తీయాల్సిన అవసరం ఏమొచ్చింది? ఆ ప్రశ్న చెప్పులో రాయిలా గుచ్చుకుంటూనే ఉంది. దాన్ని అలాగే ఉంచి, ఆమె లైట్ల సంగతికి వచ్చింది.

ప్రతి డాక్ పక్కనా గోడకి ఒక ఇనుప డబ్బా. లైట్ల తీగలన్నీ అందులోకే వస్తాయి. సూపర్‌వైజరు చేత నాలుగో డాక్ కొక్కెం లేపించి, దింపించి, మళ్ళీ లేపించి చూసింది. లోపలి లైటు బుద్ధిమంతుడిలా మారింది. పచ్చ, ఎరుపు, మళ్ళీ పచ్చ. "చూశావుగా" అన్నాడు మరిది. ఆమె డబ్బా దగ్గరికెళ్ళింది. గోడ నిండా దుమ్ము. డబ్బా మూత మీద దుమ్ము. మూత బిగించిన నాలుగు స్క్రూలు మాత్రం కొత్తగా మెరుస్తున్నాయి.

మూడో డాక్ ఖాళీగా ఉంది. ఆమె అక్కడి డబ్బా దగ్గరికి నడిచింది. వెనక మరిది అడుగుల చప్పుడు ఆగిపోయింది.

ఆ డబ్బా స్క్రూల మీద దుమ్ము పేరుకుని ఉంది. చీర కొంగుతో తుడిచింది. ప్రతి స్క్రూ మీదా, పక్కన మూత మీదా కలిసేలా సన్నటి నీలం గీత. నెయిల్ పాలిష్. ఎవరన్నా స్క్రూ తిప్పితే గీత విరిగిపోతుంది, తిప్పినట్టు తెలిసిపోతుంది. ఆ పద్ధతి కొత్తగా ఉద్యోగంలో చేరిన కుర్రాళ్ళకి ఒకప్పుడు ఆమే నేర్పింది. ఎర్ర రంగు ఆడవాళ్ళదని సిగ్గుపడి నీలం రంగు సీసా కొనుక్కున్నవాడు వాళ్ళందరిలో ఒక్కడే.

ఆమె సూపర్‌వైజర్ని స్క్రూడ్రైవర్ అడిగింది. మూత ఊడదీసింది. లోపల రెండు కొసల మధ్య వేలెడు పొడుగు తీగ ముక్క, నల్ల టేపు చుట్టి ఉంది. కొక్కెం లేపించి దింపించింది. మూడో డాక్ లోపలి లైటు మారలేదు. కొక్కెం పైకి లేచినా పచ్చే, కిందికి దిగినా పచ్చే.

సూపర్‌వైజరు ఇక దాచలేదు. కొక్కెం పట్టిందో లేదో కనిపెట్టే పరికరం దుమ్ము పట్టి ఊరికే ఎరుపు చూపించేదట. సరుకు మధ్యలో ఆగిపోయేది, లారీలు రోడ్డు దాకా నిలిచిపోయేవి. పైవాళ్ళు ఊరుకోలేదు. బయటి నుంచి ఎలక్ట్రీషియన్‌ని పిలిపించి అన్ని డబ్బాల్లోనూ ఆ తీగ కట్టించారు. అప్పటి నుంచి లోపల ఎప్పుడూ పచ్చే. నాలుగో దాంట్లోనూ కట్టారా అని అడిగితే, కట్టామన్నాడు. మరి అది ఏమైందో తనకి తెలీదన్నాడు. నిన్న తను అంబులెన్సు వెనకాల ఆస్పత్రికి వెళ్ళాడట, తిరిగొచ్చేసరికి పోలీసులు ఉన్నారట.

ఐదో డాక్ నుంచి ఎవరో కేక వేస్తే సూపర్‌వైజరు అటు వెళ్ళాడు. వదినా మరిదీ మిగిలారు. డిటెక్టివ్ గట్టు అంచున కూర్చుంది. కాసేపటికి మరిది కూడా కూర్చున్నాడు, ఇంత దూరంలో.

"పాలసీ ఇచ్చేముందు తనిఖీకి వచ్చింది నువ్వేగా" అంది ఆమె.

అతను తల ఊపాడు. అప్పుడు మాట్లాడ్డం మొదలుపెట్టి, ఎవరో వెనక తరుముతున్నట్టు ఆపకుండా చెప్పాడు. డబ్బాలన్నీ తెరిచి చూశాడు. తీగలు చూశాడు, మూతలు మళ్ళీ బిగించి స్క్రూల మీద గీతలు గీశాడు. తీసేయమని చెప్పాడు. తప్పకుండా తీసేస్తాం సార్ అన్నారు, టీ ఇచ్చారు, కారు దాకా వచ్చి సాగనంపారు. తను తీగల మాట రిపోర్టులో రాస్తే పాలసీ ఆగిపోతుంది. ఆగితే బీమా కంపెనీలో పైవాళ్ళు తననే అడుగుతారు, అందరూ చూసీ చూడనట్టు పోతుంటే నీకేం వచ్చిందని. నిన్న ఫోన్ రాగానే అందరికంటే ముందు వచ్చింది తనే. నాలుగో డబ్బాలో తీగ అలాగే ఉంది. గీత కూడా విరగలేదు. ఎవరూ చూడకముందు తీసేసి, పాత స్క్రూల మీద తన గీతలుండడంతో వాటినీ మార్చేశాడు.

"తీసేయమని చెప్పాను వదినా. నిజంగా చెప్పాను."

"చెప్పావు. రాయలేదు."

"రాయలేదు."

ఆమెకి కోపం రావాలి. రాలేదు. మొదటి రోజుల్లో ఇతను శవం చూసి వాంతి చేసుకుంటే వీపు నిమిరింది తనే. స్క్రూల మీద గీత గీయడం నేర్పింది తనే. ఆ గీత ఎందుకు గీయాలో కూడా నేర్పాననే ఇన్నాళ్ళూ అనుకుంది.

"ఆ తీగేది?"

"కార్లో ఉంది. పారేద్దామని రెండుసార్లు కిటికీ దించాను."

"అది నువ్వే తీసుకెళ్ళి స్టేషన్లో ఇవ్వు. నేను పట్టిస్తే ఒకలా ఉంటుంది, నువ్వే ఇస్తే ఇంకోలా ఉంటుంది. ఆ డ్రైవరు ఇవాళ రాత్రి కూడా ఆ గదిలో పడుకోకూడదు."

ఇంట్లో అమ్మకి ఏం చెప్పాలో తెలీడం లేదన్నాడు మరిది. ముందు స్టేషన్లో చెప్పడం అలవాటు చేసుకుంటే ఇంట్లో చెప్పడం తేలికవుతుందంది డిటెక్టివ్. అతను లేచాడు. కారు వైపు కాదు, ఎటూ కాకుండా రెండడుగులు వేసి నిలబడ్డాడు. సరిగ్గా అప్పుడే ఆమె ఫోన్ మోగింది.

బావ భార్య. పొద్దున ఆస్పత్రిలో కలిసినప్పుడు, ఆయనకి తెలివొస్తే ఒక్క ఫోన్ చేయమని డిటెక్టివ్ చెప్పి వచ్చింది. తెలివొచ్చిందట. కానీ ఆవిడ గొంతులో సంతోషం కంటే బెదురే ఎక్కువుంది.

"మనిషి మనిషిలా లేడండీ. కళ్ళు తెరవగానే, పెద్దాయన వచ్చాడా, పెద్దాయన వచ్చాడా అని ఒకటే పాట. వచ్చారు, మామయ్య బయట బెంచీ మీద కూర్చున్నారు అని చెప్పా. ఇంకా ఎక్కువైంది. మంచం పట్టీలు పీకేసుకున్నాడు. డాక్టరుగారొచ్చి మళ్ళీ మత్తు సూది వేశారు."

"మీ మామగార్ని ఆయన పెద్దాయన అంటారా?"

"అనడండీ. నాన్న అంటాడు. అదే నాకూ అర్థం కాలేదు."

"ఇంకేమన్నా అన్నాడా? ఒక్క ముక్కయినా సరే. గుర్తు తెచ్చుకోండి."

ఆవిడ ఆలోచించింది. వెనక ఆస్పత్రి చప్పుళ్ళు వినిపిస్తున్నాయి. "సూది వేస్తుంటే అన్నాడు. పరుపుల వెనక ఉన్నాడు, నేనే మూసేశాను అని. మత్తులో ఏదో వాగుడు, అంతేగా అండీ?"

డిటెక్టివ్ ఫోన్ ఎలా పెట్టేసిందో ఆమెకే తెలీదు. మోకాలి సంగతి మర్చిపోయి ఐదో డాక్ దాకా పరుగులాంటి నడక నడిచింది. సూపర్‌వైజరు చెయ్యి పట్టుకుని తన వైపు తిప్పుకుంది.

"పెద్దాయన ఎవరు?"

ముందు ఏ పెద్దాయన అన్నాడు. ఆమె చెయ్యి వదల్లేదు. అప్పుడు చెప్పాడు. పరుపులు చేత్తోనే పేర్చాలి. ఆ పని చేసే మనిషి నిన్న రాలేదు. పని కోసం గేటు దగ్గర నిలబడే వాళ్ళలోంచి ఒక ముసలాయన్ని పిలిచాడు. లోపల ముందు వరసల్లో పరుపులు పేర్చడానికి. ఆయన పేరు ఎక్కడా రాసుకోలేదు. అలాంటివాళ్ళ పేర్లు రాసుకోరట, రాస్తే వాళ్ళకేమన్నా అయినప్పుడు గోదాము జవాబు చెప్పాలట.

"ప్రమాదం అయ్యాక ఎక్కడున్నాడాయన?"

"వెళ్ళిపోయాడనుకున్నా మేడమ్. పోలీసుల్ని చూసి ఇలాంటోళ్ళు భయపడి పారిపోతుంటారు. ఎప్పుడూ అంతే."

"వెళ్ళడం చూశావా?"

అతను చూడలేదు. ఎవరూ చూడలేదు.

ఆమె వివరించనక్కర్లేకపోయింది. వెనకే వచ్చి అంతా విన్న మరిది అప్పటికే లారీ వైపు పరుగెడుతున్నాడు. పరుపుల వెనక ముసలాయన ఇంకా సర్దుతుండగానే బావ చివరి వరస మెషీన్లు పెట్టేశాడు. వెనక్కి వచ్చాక గుర్తొచ్చింది, మనిషి బయటికి రాలేదని. అందుకే ఖాళీ బండితో మళ్ళీ వెళ్ళాడు, ఆ వరస తీసి దారివ్వడానికి. లోపల పచ్చ లైటు వెలుగుతూనే ఉంది. ఆ తర్వాత లారీ కదలడం, బ్రేకు పడడం, పరుపుల దొంతర్లు కూలడం. నిన్న మధ్యాహ్నం నుంచి ఇప్పటి దాకా ఆ ఇనుప పెట్టె ఎండలో నిలబడి ఉంది. పక్కన జనరేటరు. ఇందాక తను ఆ పెట్టెకే ఆనుకుని నిలబడింది.

ఆమె వెళ్ళేసరికి మరిది సీలు చేత్తోనే తెంపేస్తున్నాడు. వేలు తెగి రక్తం కారుతున్నా చూసుకోలేదు. ఎవరో వెళ్ళి జనరేటరు ఆపారు. తలుపులు తెరుచుకున్నాయి. లోపల్నుంచి వేడి గాలి ముఖాన కొట్టింది. మెషీన్లు గోడలా నిలబడి ఉన్నాయి, ఫొటోలో ఉన్నట్టే. "పెద్దాయనా" అని పిలిచాడు మరిది. జవాబు లేదు. మళ్ళీ పిలిచాడు.

ఐదో డాక్ నుంచి ఫోర్క్‌లిఫ్ట్ వచ్చింది. నడిపే మనిషి తొందరలో నేరుగా మీదికి రాబోతుంటే డిటెక్టివ్ చెయ్యి అడ్డం పెట్టి ఆపింది. ముందుగా లారీ చక్రాల కింద దిమ్మెలు పెట్టాలంది. ఎవరూ కదలకపోతే తనే మోకాళ్ళ మీద కూర్చుని ఒకటి తోసింది. రెండోది సూపర్‌వైజరు తోశాడు.

మెషీన్ల పటకాలు కోశారు. మొదటి వరస దిగింది. రెండో వరస దిగింది. మూడోది దించుతుండగానే పక్కన దొరికిన సందులోంచి మరిది లోపలికి దూరాడు. అతను పరుపుల్ని లాగి వెనక్కి విసురుతున్న చప్పుడు వినిపిస్తోంది. ప్లాస్టిక్ చిరుగుతోంది. మధ్యమధ్యలో అతను ఊపిరి కోసం ఆగుతున్నాడు, మళ్ళీ మొదలుపెడుతున్నాడు. అంబులెన్సుకి ఫోన్ చేయమని డిటెక్టివ్ సూపర్‌వైజరుకి చెప్పింది. ఎవరి కోసమని చెప్పాలి అన్నాడతను. ఆమె అతని వైపు చూసిన చూపుకి ఇంకేమీ అడగకుండా ఫోన్ తీశాడు.

లోపల చప్పుడు ఆగింది.

డిటెక్టివ్ తలుపు అంచు పట్టుకుని నిలబడింది. అడగాలి. అడిగితే జవాబు వస్తుంది. ఇన్నేళ్ళలో ఇలాంటి జవాబులు చాలా విన్నది. ఈ ఒక్కటీ వినడానికి ఒంట్లో చోటు లేదనిపించింది.

"వదినా" అన్నాడు మరిది లోపల్నుంచి. గొంతు చాలా మెల్లగా ఉంది. "చెయ్యి దొరికింది."

ఆమె తలుపు అంచు వదిలి ఒకడుగు ముందుకేసింది.

"వెచ్చగానే ఉంది వదినా." ప్లాస్టిక్ మళ్ళీ చిరిగింది. తర్వాత, "నా వేలు పట్టుకున్నాడు."

ఆమె కళ్ళు మూసుకుంది. తెరిచేసరికి సూపర్‌వైజరు ఫోన్ చెవి దగ్గరే పెట్టుకుని, ఏం చెప్పాలో తెలీక ఆమె వైపే చూస్తున్నాడు.

"నీళ్ళు పంపిస్తున్నా" అంది డిటెక్టివ్ చీకట్లోకి వంగి. "పెదాలు తడుపు, గుక్క పట్టించకు. మాట్లాడగలిగితే ముందు ఆయన పేరడుగు."